దళవాయి కూత

దళవాయిపాలెం గ్రామం,
నర్సీపట్నం డివిజన్.

శ్రీయుత సబ్ కలెక్టర్ గారి సముఖమునకు,
నర్సీపట్నం.

విషయం: మా గ్రామ మరిడమ్మ పండుగలో బిరుదుల కూతకు, కత్తి ఊరేగింపుకు అనుమతి ఇవ్వవద్దని కోరుతూ, సదరు బిరుదుల అర్థమూ పుట్టుకా తమకు తెలియజేస్తూ, నా మనవడి మీద నేను సాక్ష్యం చెప్పుకునే వీలు కల్పించమని అర్జీ.

సూచిక: ఉత్సవ కమిటీ అధ్యక్షులు తాతబ్బాయి గారు పండుగ అనుమతి కోసం తమకు ఇచ్చిన దరఖాస్తు, ముఖ్యంగా అందులోని నాలుగో పేరా.

అయ్యా,

1. నా పేరు దళవాయి వరలక్ష్మమ్మ. వయసు డెబ్బై ఆరు. హైస్కూల్లో సోషల్ టీచరుగా పనిచేసి రిటైరయ్యాను. భర్త లేరు. కొడుకు, కోడలు ఒకే ప్రమాదంలో పోయారు. వాళ్ల కొడుకు గోవింద్‌ను నేనే పెంచాను. జీడిపిక్కల వ్యాపారం చేస్తాడు. కిందటి ఏడాది మరిడమ్మ పండుగలో తలారి నాగేంద్ర చేతివేళ్లు తెగిన కేసులో గోవింద్ ముద్దాయి. బెయిలు మీద బయట ఉన్నాడు. నా ఇంట్లో ఉంటాడు, నేను వండింది తింటాడు. కాబట్టి ఈ అర్జీ ముద్దాయి తరపున వచ్చిందని తమ ఆఫీసువారు అనుకోవచ్చు. కాదు. ముద్దాయి మీద వచ్చింది.

2. తమరు ఈ ప్రాంతానికి కొత్త గనుక ముందు ఆనవాయితీ చెప్పాలి. పండుగనాడు అమ్మవారి ఘటం బయల్దేరేటప్పుడు తలారి ఇంటి మగవాడు కాగడా పట్టుకుని అందరికంటే ముందు నడుస్తాడు. గుడి ముందుకు వచ్చాక ఊళ్లో బిరుదున్న ఇళ్లను వరసగా పేరెత్తి పిలుస్తాడు. దాన్నే కూత అంటారు. మొదట "దళవాయి వారహో" అనాలి. ఆ తర్వాత నాయుడు గారి ఇల్లు, ఆ తర్వాత కరణం గారి ఇల్లు. ఎవరిని మొదట పిలిస్తే వాళ్లు కత్తి అందుకుని పొట్టేలును నరుకుతారు. తల దళవాయి ఇంటికి వస్తుంది. నాలుగు కాళ్లు తలారి ఇంటికి పోతాయి. పిలిచే తలారికి మాత్రం పిలుపు లేదు. "కూసే నోటికి పేరుండదు" అని మా ఊళ్లో సామెత. ఆ సామెతను నేను కోడలిగా వచ్చిన ఏడే విన్నాను. అందరూ నవ్వారు గనుక నేనూ నవ్వాను.

3. తాతబ్బాయి గారి దరఖాస్తు నాలుగో పేరాలో ఇలా ఉంది: "దళవాయి అనునది రాజులిచ్చిన మహాబిరుదు, తలారి అనునది ఊడిగపు పేరు. కావున కూత క్రమము అనాదిగా వచ్చుచున్నది, మార్చరానిది." ఈ వాక్యంలో ఒక్క ముక్క కూడా పాఠానికి నిలవదు. పిల్లలు ఇలా రాస్తే నేను ఎర్ర సిరాతో కొట్టేసేదాన్ని. తమరిది పచ్చ సిరా గనుక కారణాలు మాత్రం సమర్పిస్తున్నాను.

(అ) దళవాయి అంటే దళాన్ని, అంటే సేనను, నడిపేవాడు. దక్షిణాది సంస్థానాల్లో ఇది నిజంగా పెద్ద పదవి. మైసూరులో కొందరు దళవాయిలు రాజును బొమ్మలా కూర్చోబెట్టి రాజ్యం తామే నడిపారు. మా ఇల్లు ఆ కోవలోది కాదు. మా వంశంలో యుద్ధానికి వెళ్లినవాడు ఒక్కడూ లేడు. ఈ బిరుదు ఎలా వచ్చిందో మా అత్తగారు అప్పలలక్ష్మమ్మ గారు ప్రతి పెళ్లిలోనూ గొప్పగా చెప్పేవారు. వెనకటికి ఒక జమీందారుకు మన్యంలోని ఒక కొండగూడెం శిస్తు బకాయి పడింది. మా వాళ్ల పూర్వీకుడు కర్రలవాళ్లను వెంటేసుకుని కొండెక్కాడు. ఇళ్ల తలుపులు బయటినుంచి బిగించి నిప్పు పెట్టాడు. లోపల మనుషులున్నారు. దిగి వచ్చాక జమీందారు అతనికి శాలువా కప్పి, కత్తి ఇచ్చి, దళవాయి అన్నాడు. మా అత్తగారు ఈ కథను ఎప్పుడూ ఒకే మాటతో ముగించేవారు: "మంట ముందెట్టినోడికి బిరుదు, ఎనకెట్టినోడికి బూడిద!" విన్నవాళ్లు భోజనాల బంతిలో విస్తళ్లు కొట్టి నవ్వేవారు. ఆ గూడెంలో చనిపోయినవాళ్ల పేర్లు మా ఇంట్లో ఎవరికీ తెలియవు. నేను అడిగాను. "కొండోళ్ల పేర్లు ఎవులు రాసుకుంతారే?" అన్నారు.

(ఆ) తలారి అంటే ఇప్పుడు ఊరి కావలి మనిషి, గ్రామ సేవకుడు. కాని నాగార్జునకొండ దగ్గర దొరికిన ఇక్ష్వాకుల శాసనాల్లో మహాతలవరులు కనిపిస్తారు. ఆ రోజుల్లో రాజు తన తోబుట్టువును ఇచ్చి పెళ్లి చేసేంత పెద్ద హోదా అది. తలవరి అన్న ఆ పాత పేరే కాలక్రమాన తలారి అయిందని చాలామంది పండితులు భావిస్తారు. మన ఊరి నాగేంద్ర ఇల్లు ఆ మహాతలవరుల వంశమేనని నేను అనను, అనడానికి ఆధారం లేదు. అన్నది ఇంతే: పేరు పెద్దది, కాలం కొట్టిన దెబ్బకు చిన్నదైంది. దళవాయి అన్న పేరు మా ఇంటికి నిప్పు పెట్టి వచ్చింది. తలారి అన్న పేరు వాళ్లింటికి కాపలా కాసి వచ్చింది.

(ఇ) మిగతావి కూడా సంక్షిప్తంగా రాస్తున్నాను. నాయకుడే నాయుడు. కరణం లెక్కలు రాసేవాడు. తహసీలు అంటే వసూలు, అది చేసేవాడు తహసీల్దారు. కలెక్టరన్నా వసూలు చేసేవాడనే. తమ హోదా కూడా ఒకప్పుడు శిస్తు వసూలుకు పుట్టిందే అని మనవి చేసుకుంటున్నాను. ఈ రోజు జనం ఆ అర్థం మరచిపోయి న్యాయం కోసం తమ గుమ్మం ముందు నిలబడుతున్నారు. ఒక పేరు తన పాత అర్థాన్ని వదిలించుకోగలదని నేను నమ్మడానికి అదొక్కటే ఆధారం. దాన్ని తమరు చెడగొట్టరని ఆశ.

(ఈ) రాజ్యాంగం పద్దెనిమిదో అధికరణం ప్రకారం రాజ్యం బిరుదులు ఇవ్వకూడదు. పొట్టేలు ముందు బిరుదులు కూయకూడదని మాత్రం అందులో లేదు. ఆ లోటు తమరు పూరించగలరు.

4. ఇప్పుడు జరిగింది. నాగేంద్ర నా దగ్గర చదువుకున్నవాడు. నేను రిటైరయ్యే ఏడు వాడు ఆరో తరగతి. శాసనాల పాఠం చెబుతుంటే లేచి, "టీచరుగారండీ, మా ఇంటిపేరుకి అర్థం ఏటండీ?" అన్నాడు. క్లాసంతా నవ్వింది. పైన (ఆ)లో రాసింది వాడికి అప్పుడే చెప్పాను. అది చెప్పకపోతే ఇంత జరిగేది కాదని మా చుట్టాలు ఏడాదిగా నన్ను సాధిస్తున్నారు. చెప్పినందుకు నాకు విచారం లేదు. అడిగినవాడికి పాఠం చెప్పకపోతే నాకు జీతం దేనికిచ్చినట్టు?

నాగేంద్ర తండ్రి మత్స్యలింగం బతికున్నంతకాలం కూత ఆయనే కూశాడు. ఆయన పోయాక కిందటి ఏడాది మొదటిసారి కాగడా నాగేంద్ర పట్టాడు. అప్పటికి నర్సీపట్నంలో సెల్‌ఫోన్లు బాగుచేసే షాపులో పని చేస్తున్నాడు. తెల్లచొక్కా ఇస్త్రీ చేయించుకుని వచ్చాడు. గుడి ముందు డప్పు ఆగింది. వాడు గొంతు సవరించుకుని ఇలా కూశాడు:

"తలవరి మత్స్యలింగం కొడుకు నాగేంద్ర కూస్తన్నాడహో! దళవాయి వారహో! నాయుడు వారహో! కరణం వారహో!"

అంతే. ఎవరినీ తీసెయ్యలేదు, తిట్టలేదు. తన తండ్రి పేరు ముందు పెట్టుకున్నాడు. చప్పరం కింద కూర్చున్న కుర్రాళ్లు ఈల వేశారు. ఆడవాళ్లలో ఎవరో, "అబ్బో, తలారోరి పెళ్లిపిలుపు!" అన్నారు. పెద్ద నవ్వు లేచింది. ఆ నవ్వే ముంచింది. నాగేంద్ర మాటకు కాదు, దళవాయి పిలుపు ఆ నవ్వులో కలిసిపోయినందుకు గోవింద్ ముఖం నల్లబడింది. నేను అమ్మవారి గడప పక్కన కుర్చీలో ఉన్నాను. వాళ్లిద్దరికీ నాకూ మధ్య పొట్టేలు తప్ప ఇంకేమీ లేదు.

"ఏట్రా, ఏటి కూసేవ్?" అన్నాడు గోవింద్. కత్తి అప్పటికే అతని చేతిలో ఉంది.

"ఆనవాయితీయే బాబూ. మా అయ్య పేరు ఒకటి కలిపేను."

"మళ్లీ కూయి. మమ్మల్ని ముందెట్టి కూయి."

"కూసిన కూత మళ్లీ కూయకూడదంట. మా అయ్య సెప్పేడు."

తాతబ్బాయి గారు మధ్యలోకి వచ్చి, "సిన్నోడు, తెలీక అన్నాడు. పండగపొద్దు, వొగ్గీ గోవిందూ," అన్నారు. ఈ మాట ఆయన అన్నారు. అన్నారని రాయడం నా విధి. తర్వాత ఆయనే అనలేదన్నారు.

నాగేంద్ర అప్పుడు నవ్వాడు. "తెలిసే అన్నాను తాతా. టీచరుగారిని అడుగు, అక్కడే ఉన్నారు," అని నా వైపు చూపించాడు.

గోవింద్ నా వైపు చూశాడు. నేను తల ఊపాను. నిజం గనుక ఊపాను. నా తల కిందికి దిగేలోపే కత్తి వెడల్పువైపుతో గోవింద్ నాగేంద్ర నోటిమీద కొట్టాడు. పళ్లు విరిగిన చప్పుడు కొబ్బరికాయ చప్పుడు కాదని డప్పువాళ్లకు కూడా తెలిసింది. నాగేంద్ర మోకాళ్లమీద పడ్డాడు. కాగడా పడిపోయి పొట్టేలు మెడలోని వేపమండలు అంటుకున్నాయి. "కూయి!" అన్నాడు గోవింద్. నాగేంద్ర నోట్లోంచి రక్తం తప్ప మాట రాలేదు. రెండోసారి కత్తి ఎత్తినప్పుడు నాగేంద్ర కుడిచెయ్యి అడ్డం పెట్టాడు. ఈసారి పదునువైపు దిగింది. బొటనవేలు తప్ప మిగతా వేళ్లు తెగి, మూడు వేళ్లు పొట్టేలు రక్తం కోసం పెట్టిన పసుపునీళ్ల పళ్లెంలో పడ్డాయి. చెయ్యి నేలకు ఆనింది. చర్మంతో వేలాడుతున్న మిగిలిన ఒక్క వేలిని గోవింద్ మడమతో తొక్కి పట్టాడు. నాగేంద్ర చెయ్యి లాక్కున్నాడు. వేలు అక్కడే ఉండిపోయింది.

జనం పారిపోయారు. నాగేంద్ర తల్లి సోమలమ్మ ఒక్కతే ఎదురువచ్చింది. గోవింద్‌ను తోసేసి, పళ్లెంలోంచీ మట్టిలోంచీ వేళ్లు ఏరి కొంగులో మూట కట్టుకుంది. ఆటోలో నర్సీపట్నం, అక్కడినుంచి విశాఖపట్నం తీసుకువెళ్లారు. మట్టి పట్టిన వేళ్లు అతకవన్నారు. కట్టు విప్పుకుని పరుగెత్తిన పొట్టేలు సాయంత్రానికి చెరకుతోటలో దొరికింది. దాన్ని ఎవరూ నరకలేదు. ఆ ఏడు మరిడమ్మకు మా ఊరు ఇచ్చిన బలి అదే, ఆ చెయ్యి.

5. కేసు రాసినవారు "జాతర తోపులాటలో పొరపాటున కత్తి తగిలినది" అని రాసుకున్నారు. సాక్షులుగా పెట్టిన నలుగురూ ఆ సమయంలో గుడి వెనక ప్రసాదం వండుతున్నారు. అతి దగ్గరలో ఉన్న నన్ను అడగలేదు. తర్వాత కాగితాల్లో చూస్తే, "ముద్దాయి నాయనమ్మ వృద్ధురాలు, కళ్లు సరిగా కనబడవు" అని ఉంది. రెండు కళ్లకూ శుక్లాల ఆపరేషన్ అయింది. రోజూ దినపత్రిక ఆఖరి పేజీ అడుగున అచ్చువేసే ప్రెస్సు పేరు దాకా చదువుతాను. తమరికి అనుమానమైతే తమ బల్ల మీదున్న ఏ కాగితమైనా తమరి కుర్చీ దగ్గర పట్టుకోండి, నేను గుమ్మంలో నిలబడి చదువుతాను.

నా సాక్ష్యం ఎందుకు ఆలస్యమైందని అడిగే హక్కు తమకుంది. పదిరోజుల పసికందుగా ఉన్నప్పుడు గోవింద్‌ను నా ఒళ్లో పెట్టారు. ఇంతకంటే రాయను.

6. పండుగ వచ్చే మంగళవారం. పాత కత్తి కేసుసొత్తుగా కోర్టు స్వాధీనంలో ఉంది. కొత్తది చేయించారు. లారీ కమాను పట్టీ కొట్టించి, పిడికి ఇత్తడి తొడిగించి తెచ్చారు. అది ప్రస్తుతం నా ఇంటి వెనకగదిలో ధాన్యం గాదెలో, గోనెసంచిలో చుట్టి ఉంది. గోవింద్ దాన్ని రోజూ తీసి, నూనె రాసి, బొటనవేలి గోరు మీద పదును చూసుకుంటున్నాడు.

ఇక రాజీ సంగతి. పోయిన ఆదివారం పెద్దలు సోమలమ్మను, నాగేంద్రను కమిటీ షెడ్డుకు పిలిపించారు. కేసు వెనక్కి తీసుకోవాలి, ఈ ఏడు నాగేంద్రే వచ్చి పాత వరసలో కూత కూయాలి, దళవాయి పేరు ముందు, అదీ మూడుసార్లు. ఇదీ తీర్పు. కాగడా ఎలా పట్టుకుంటాడని ఎవరో అడిగారు. తాతబ్బాయి గారు, "కాగడా ఎడంసేత్తో పట్టుకోవచ్చు. మనం మనుషులం కాదేటి? ఆపాటి మినాయింపు ఇత్తాం," అన్నారు. ఇది మా ఊరి దయ. దీన్ని ఎక్కడైనా నమోదు చేయించగలరు.

నాగేంద్రకు ముందుపళ్లు లేక మాట తొస్సిపోతుంది. "నా నోటంట ఆ పేరు రాదు తాతా," అన్నాడు.

"రాకపోతే?" అన్నాడు గోవింద్.

"రాదు. అంతే."

"అయితే ఎడంసెయ్యి కూడా అక్కర్లేదన్నమాట." ఈ మాట గోవింద్ అన్నాడు. నేను ఆ షెడ్డు గుమ్మంలో ఉన్నాను. ఇది బెదిరింపు అవునా కాదా అని తమ ఆఫీసువారు పరిశీలించవచ్చు. నాకు పరిశీలన అవసరం లేదు. వాడు అన్నమాట నిలబెట్టుకునేలా పెంచింది నేనే.

7. ఆ మర్నాడు పొద్దున్న రేషన్ షాపు దగ్గర సోమలమ్మను కొట్టారు. కొట్టినవాళ్లు గోవింద్ వెంట తిరిగే ఇద్దరు. జుట్టు పట్టి ఈడ్చి, ఆమె బియ్యం సంచిని ఆమె తలమీదే బోర్లించి, "నీ కొడుకు సేత కూయించు, లేదా నువ్వే కూయి," అన్నారు. ముక్కు ఎముక విరిగింది. వరసలో నిలబడ్డవాళ్లు వరస తప్పకుండా నిలబడ్డారు. నేను చూడడానికి వెళ్తే ఆమె గడప అడ్డంగా కూర్చుని ఉంది. ముఖం ఉబ్బిపోయి ఒక కన్ను మూసుకుపోయింది.

"సోమలా, ఆ పేర్లకు అసలు అర్థాలు రాసి సబ్ కలెక్టర్ గారికి ఇస్తాను," అన్నాను.

ఆమె మూసుకోని కన్నుతో నన్ను చూసింది. "నీ మనవడు నా బిడ్డ ఏళ్లు నరికేడు, నువ్వు అర్థాలు సెప్తావేటి టీచరమ్మా? అర్థాలు కంచంలో ఎట్టుకు తింతాడా? అన్నం కలుపుకోడానికి సెయ్యి గావాల. నీకు సేతనయితే నీ కళ్లతో సూసింది సెప్పు. సేతకాకపోతే బేగి ఎల్లిపో, ఈగలు ముసురుతన్నాయి."

ఆ మాట న్యాయమైనది. అందుకే ఈ అర్జీలో అర్థాల కంటే చూసింది ఎక్కువ రాశాను.

కావున తమరు దయతో:

మరిడమ్మ పండుగకు అనుమతి ఇవ్వండి, అమ్మవారి తప్పేమీ లేదు. కాని కూతకు, కత్తికి, పొట్టేలుకు ఇవ్వకండి. గాదెలోని కత్తిని స్వాధీనం చేసుకోండి. వచ్చేవాళ్లు గాదె పైమూత ఎత్తి వెతకనక్కర్లేదు, కిందనున్న చిన్న తలుపు తీస్తే పిడి చేతికి తగులుతుంది. సోమలమ్మ ఇంటికి పండుగ ముందురోజు నుంచి కాపలా పెట్టించండి. తరతరాలుగా ఊరికి కాపలా కాసిన ఇల్లు అది, ఒకసారి ఊరు దానికి కాపలా కాస్తే తప్పులేదు. మేజిస్ట్రేట్ ముందు నా వాంగ్మూలం రాయించండి. గోవింద్ బెయిలు రద్దుకు సంబంధిత అధికారులకు సిఫారసు చేయండి.

చివరి మనవి. ఒకవేళ ఊరివాళ్లు తమ ఉత్తర్వును ఖాతరు చెయ్యకుండా కూత పెట్టిస్తే, ఆ కూత నేను కూస్తాను. ఆడమనిషి కూయకూడదని ఆనవాయితీలో ఉంటే ఉండనీయండి. "నిప్పు పెట్టి బిరుదు తెచ్చుకున్న దళవాయి వారహో, చెయ్యి నరికిన దళవాయి వారహో" అని గుడి ముందు నిలబడి కూస్తాను. నాగేంద్ర పేరు ముందు కూస్తాను. కత్తి అప్పుడు నా మీదికి వస్తుంది. రానీయండి. అప్పుడు తోపులాటలో పొరపాటున తగిలిందని రాసుకోవడం కాస్త కష్టమవుతుంది.

ఇంతవరకు చిత్తగించి, ఇక్కడినుంచి కదలవలెను.

తమ విధేయురాలు,
(సం.) డి. వరలక్ష్మమ్మ

జతపరచినవి: శుక్లాల ఆపరేషన్ తర్వాత కళ్లడాక్టరు ఇచ్చిన కాగితం, నకలు.

తా.క.: పైన సంతకం పెట్టాక జరిగింది రాస్తున్నాను. దీన్ని ఎనిమిదో అంశంగా చేర్చుకోవలెను.

8. ఈ మధ్యాహ్నం భోజనాలయ్యాక శుభ్రప్రతి ముగించి, చిత్తుప్రతి మరోసారి చూసుకుంటున్నాను. గోవింద్ వచ్చాడు.

"ఏటి రాస్తన్నావు నానమ్మా?"

"అర్జీ."

"ఎవుల మీద?"

"నీ మీద."

ముందు నవ్వాడు. నేను అబద్ధమాడనని వాడికి తెలుసు, అయినా నవ్వాడు. తర్వాత నా చేతికింద ఉన్న కాగితాలు లాక్కుని నిలబడే చదివాడు. వాడికి చదవడం నేర్పింది నేనే, బేగి చదువుతాడు. గాదె దగ్గరికి వెళ్లి కత్తి తెచ్చాడు.

"మన ఇంటి పరువు నువ్వే తీసెత్తావా?"

"పరువు నీ చేతిలోనే ఉంది కదరా, గోనెసంచిలో చుట్టి. నేనెక్కడ తీస్తాను?"

"సింపెయ్. నీ సేత్తో నువ్వే సింపెయ్."

"చింపను."

నా ఎడమచెయ్యి బల్ల మీద ఉంది. ఇత్తడి పిడితో కొట్టాడు. ఒకసారి కొట్టి, నేను చెయ్యి తీయకపోతే మళ్లీ కొట్టాడు. మణికట్టు దగ్గర ఎముక లోపల విరిగింది, చప్పుడు నాకు తెలిసినదే, గుడి దగ్గర విన్నదే. కాగితాలు వాడే చింపి పొయ్యిలో వేశాడు. ఆ తర్వాత వాడి ముఖం చిన్నప్పుడు జ్వరమొచ్చినప్పటిలా అయిపోయింది. పసుపు, సున్నం వేడి చేసి గిన్నెలో తెచ్చి, "నానమ్మా, సెయ్యి ఇలాగియ్యి, కట్టు కడతాను," అన్నాడు. ఇవ్వలేదు. గిన్నె నా ముందు పెట్టి, కత్తిని మళ్లీ గాదెలోకి తోసి, వీధిలోకి పోయాడు.

వాడు కాల్చింది చిత్తుప్రతి. శుభ్రప్రతి పంచాంగం కింద ఉంది. చిత్తు, శుభ్రం రెండూ ఎప్పుడూ ఒకచోట పెట్టకూడదని వాడికి నేర్పాను, మరచిపోయాడు. నేను రాసేది కుడిచేత్తో గనుక ఈ అర్జీకి వచ్చిన నష్టమేమీ లేదు. ఈ పేజీ మీది మరక పసుపుది. రేపు ఉదయం నేనే ఆటోలో నర్సీపట్నం వచ్చి తమ ఆఫీసులో ఇచ్చి రసీదు తీసుకుంటాను. సోమలమ్మ తోడు వస్తానంది. సంచి ఆమె పట్టుకుంటుంది.

దెబ్బ పొరపాటున తగలలేదు. కళ్లు బాగానే కనబడ్డాయి.

మనుషులు ఎప్పుడు రావాలని తమరు అడుగుతారేమో. వాడు ఎక్కడున్నా పొద్దున్న టిఫినుకు ఇంటికి వస్తాడు. వాడికి ఆకలి ఆగదు, చిన్నప్పటినుంచీ అంతే. ఒంటిచేత్తోనైనా వండి పెడతాను. తిన్నాక తీసుకెళ్లండి.